రిమోట్ హెలికాప్టర్ రెక్కలు: చెక్కా, ఫైబరా, కార్బనా?

రాజోలు, మలికిపురం, అమలాపురం వైపు ఇళ్లకు కువైట్ నుంచో దోహా నుంచో మామూ వచ్చాడంటే పిల్లల కళ్లన్నీ అట్టపెట్టె మీదే. అత్తరు సీసాలు, ఖర్జూరాలు, దుప్పట్లు పెద్దవాళ్లవి. అడుగున బట్టల మధ్య జాగ్రత్తగా సర్ది తెచ్చిన రంగుల డబ్బా మాత్రం పిల్లలది. ఒకప్పుడు అందులో రిమోట్ కారు ఉండేది. ఇప్పుడు హెలికాప్టర్ కూడా ఉంటోంది. చార్జింగ్ పెట్టి, సాయంత్రం తోటలోకి తీసుకెళ్లి ఎగరేస్తారు. రెండు నిమిషాలు బాగానే ఉంటుంది. సముద్రం వైపు నుంచి చిన్న గాలి తెర వస్తుంది, హెలికాప్టర్ పక్కకు జరుగుతుంది, కొబ్బరి మట్ట తగులుతుంది. ఠప్‌మని ఒక చప్పుడు. కింద చూస్తే రెక్క రెండు ముక్కలు.

ఆ రాత్రే మామూకి ఫోన్. "మామూ, ఈసారి కార్బన్ రెక్కలు పంపండి. అవి విరగవంట!"

ఆ 'విరగవంట' అన్న మాట దగ్గరే అసలు విషయం ఉంది. మట్టకు తగిలిన దెబ్బ గాల్లో కలిసిపోదు. దాన్ని రెక్క తీసుకోకపోతే లోపలి షాఫ్ట్ తీసుకుంటుంది, గేరు పళ్లు తీసుకుంటాయి. ఎదురుగా మనిషి ఉంటే ఆ మనిషి తీసుకుంటాడు. ఇంట్లో ఫ్యూజు మాటిమాటికీ పోతోందని లావు రాగి తీగ చుట్టేవాళ్లు ఉంటారు. ఫ్యూజు ఇక పోదు, నిజమే. ఈసారి మోటారు కాలిపోతుంది. నేర్చుకునే పిల్లవాడి హెలికాప్టర్‌కు ఖరీదైన కార్బన్ రెక్క వేయడం కూడా అలాంటి పనే. మొదటి ఏడాది రెక్క పని ఎగరడం ఒక్కటే కాదు, అవసరమైనప్పుడు విరిగిపోవడం కూడా.

రెక్క మీద పడే లాగుడు ఎంత?

హెలికాప్టర్ రెక్క చూడ్డానికి సీలింగ్ ఫ్యాను రెక్కలాగే ఉంటుంది. ఫ్యాను రెక్క వంపు ఎప్పుడూ ఒకటే, హెలికాప్టర్ రెక్క మాత్రం తిరుగుతూనే తన వాలు మార్చుకుంటుంది. వాలు పెరిగితే పైకి, తగ్గితే కిందికి. ఒక వైపు వాలు ఎక్కువ, మరో వైపు తక్కువ అయితే ముందుకో పక్కకో పోతుంది. అందుకే దీనికి డ్రోన్ ప్రొపెల్లర్ బిగించడం కుదరదు. పొలాల్లో మందు కొట్టే డ్రోన్ల రెక్కలు ఒకే వాలుతో అచ్చుపోసినవి, వాటి వేగం మార్చి డ్రోన్‌ని నడిపిస్తారు. 'డ్రోన్ రెక్కలు చవగ్గా దొరుకుతున్నాయి, అవి పెడదాం' అనే ఆలోచన వస్తే అక్కడే ఆపేయాలి.

హాబీలో బాగా వాడుకలో ఉన్న సైజుని '450 క్లాస్' అంటారు. దాని ఒక్కో రెక్క 325 మిల్లీమీటర్ల పొడవు, అంటే అడుగు కంటే కొంచెం ఎక్కువ. రెండు రెక్కలు, మధ్య భాగం కలిపితే చక్రం అడ్డకొలత దాదాపు 70 సెంటీమీటర్లు. ఇది నిమిషానికి 2,500 చుట్లు తిరిగితే రెక్క కొన గంటకు 330 కిలోమీటర్ల వేగంతో పోతుంది. వందే భారత్ రైలు గరిష్ఠ వేగానికి రెట్టింపు.

ఇక లాగుడు సంగతి. బకెట్లో నీళ్లు పోసి గిరగిరా తిప్పితే చెయ్యి బయటికి లాగుతుంది కదా, అదే బలం ఇక్కడా పనిచేస్తుంది. రెక్క బరువు 35 గ్రాములు అనుకుంటే, ఆ వేగంలో ఒక్కో రెక్క తన బోల్టుని 45 నుంచి 50 కిలోల బలంతో బయటికి లాగుతుంది. అంటే 3 మిల్లీమీటర్ల సన్నని బోల్టుకు ఒక సిమెంటు బస్తా వేలాడదీసినట్టు. ఇది మామూలుగా ఎగురుతున్నప్పటి లెక్క, దేనికైనా తగిలినప్పటిది కాదు. 700 క్లాస్ పెద్ద హెలికాప్టర్లలో రెక్క దాదాపు 690 మిల్లీమీటర్లు, ఒక్కోటి 180 గ్రాములకు అటూ ఇటూ. అది 2,000 చుట్లు తిరిగితే బోల్టు మీద లాగుడు 300 కిలోలు దాటుతుంది.

ఈ లెక్క ఒక్కసారి మనసులో పడితే చాలా ప్రశ్నలకు జవాబు దానంతటదే దొరుకుతుంది. విరిగిన రెక్కని ఫెవిక్విక్‌తో అతికించి మళ్లీ ఎగరేయొచ్చా? సిమెంటు బస్తాని ఫెవిక్విక్‌తో వేలాడదీస్తారా!

ప్లాస్టిక్: చిన్నవాటికి ఇదే సరి

అరచేతిలో పట్టే బొమ్మ హెలికాప్టర్లలో, ఉదాహరణకు పిల్లల్లో బాగా పేరున్న సైమా ఎస్107 లాంటి వాటిలో, ఒకదాని మీద ఒకటి రెండు జతల ప్లాస్టిక్ రెక్కలు ఎదురెదురు దిక్కుల్లో తిరుగుతాయి. ఒక్కో రెక్క ఒక స్క్రూ మీద వదులుగా ఉండి, గోడకు తగిలితే వెనక్కి మడుచుకుంటుంది. వీటికి కార్బన్, ఫైబర్ ఏమీ అక్కర్లేదు. బరువు తక్కువ, వేగం తక్కువ, వంగి మళ్లీ నిలబడే గుణం ప్లాస్టిక్‌కు ఉంది.

ప్లాస్టిక్‌కు శత్రువు వేడి. ఏప్రిల్, మే నెలల్లో రేకుల షెడ్డు కింద, లేదా తలుపులు మూసిన కారులో వదిలేస్తే రెక్క మెత్తబడి కొంచెం మెలితిరుగుతుంది. కంటికి కనబడదు కానీ ఎగరేస్తే హెలికాప్టర్ వణుకుతుంది. రెక్కని బల్లపరుపుగా ఉన్న గాజు మీద పెట్టి జతలోని రెండోదానితో పోల్చి చూస్తే తెలుస్తుంది. వంగిన చోట ప్లాస్టిక్ తెల్లబడిందంటే అక్కడ లోపల చిరిగినట్టే, పారేయాలి. 450 సైజు వరకు తోక దగ్గరుండే చిన్న రెక్కలు కూడా ఎక్కువగా ప్లాస్టిక్‌వే వస్తాయి. గడ్డికి ముందు తగిలేవి అవే కాబట్టి ఒకట్రెండు జతలు అదనంగా ఉంచుకోవడం మంచిది.

చెక్క: పాతదే కానీ పాఠం చెప్పేది

మనుషులు ఎక్కే హెలికాప్టర్లు కూడా చెక్క రెక్కలతోనే నడిచిన కాలం ఉంది. 1940ల్లో వచ్చిన బెల్ 47కు మొదట చెక్క రెక్కలే. ఆ తర్వాత లోహం వచ్చింది. మన వాయుసేనలో దశాబ్దాలుగా పనిచేస్తున్న చేతక్‌వి లోహపు రెక్కలు. 1967లో తొలిసారి ఎగిరిన జర్మనీ హెలికాప్టర్ బీవో 105 ఫైబర్ గ్లాస్ రెక్కలను వాడుకలోకి తెచ్చింది. బెంగళూరు హెచ్ఏఎల్ తయారుచేసిన ధ్రువ్, 1992లో తొలిసారి ఎగిరింది, దానివి పూర్తిగా కాంపోజిట్ రెక్కలు. అంటే నూలు లాంటి సన్నని పోగులను జిగురులో తడిపి గట్టిపరిచినవి. హాబీ హెలికాప్టర్ల కథ కూడా దాదాపు ఇదే దారిలో నడిచింది, మధ్యలో లోహం మాత్రం లేదు. 1970 ప్రాంతంలో జర్మనీలో డీటర్ ష్లూటర్ రిమోట్ హెలికాప్టర్‌ని అదుపులో ఎగరేసి చూపించిన రోజుల నుంచి చాలా ఏళ్లు చెక్కదే రాజ్యం.

ఈ చెక్క రెక్క ఒకే చెక్క కాదు. ముందు అంచు, అంటే గాలిని ముందుగా కోసే వైపు, గట్టి చెక్క. వెనక వైపు బాల్సా అనే బెండులాంటి తేలిక చెక్క. రెండూ అతికించి, నున్నగా చెక్కి, పైన వేడికి బిగుసుకునే పలచని ప్లాస్టిక్ తొడుగు వేస్తారు. బరువు ముందు అంచు వైపు ఉండాలి, లేకపోతే రెక్క గాల్లో జెండాలా కొట్టుకుంటుంది. అందుకే చాలా రెక్కల్లో కొన దగ్గర చిన్న సీసపు ముక్క కూడా దాస్తారు.

అందుకే 'మనూళ్లో మంచి వడ్రంగి ఉన్నాడు, టేకుతో చేయిద్దాం' అనేది మంచి ఆలోచన కాదు. పడవ తెడ్డు చెక్కే చెయ్యి గొప్పదే, అందులో అనుమానం లేదు. కానీ ఇక్కడ రెండు రెక్కలూ గ్రాములో పదో వంతు తేడా లేకుండా రావాలి, బరువు ముందు వైపే ఉండాలి, బోల్టు రంధ్రం దగ్గర బస్తా బరువుకి చెక్క చీలకూడదు. పాఠశాల ప్రయోగశాలల్లో కనిపిస్తున్న త్రీడీ ప్రింటర్‌తో అచ్చుపోసిన రెక్కల సంగతి ఇంకా ప్రమాదం. ఆ ప్లాస్టిక్ పొర మీద పొరగా పేర్చినది. లాగుడు వస్తే పొర దగ్గరే విడిపోతుంది.

చెక్క రెక్క గొప్పతనం అది విరిగే తీరులో ఉంది. కొమ్మకో నేలకో తగిలితే వెంటనే విరిగిపోతుంది, దెబ్బని లోపలికి ఎక్కువగా పంపదు. చాలాసార్లు రెక్కల జత మార్చి మళ్లీ ఎగరేయొచ్చు. లోపం ఉంటే పైకి కనబడుతుంది. కనబడని పగులుని కూడా వంచి చూస్తే కిర్రుమనే చప్పుడు పట్టిస్తుంది. మరి లోపాలో? ఎక్కువ వేగానికి పనికిరాదు. తయారీదారు చెప్పిన చుట్లు దాటించకూడదు, గాల్లో పల్లీలు కొట్టించే విన్యాసాలు దీంతో వద్దు. పైగా తడి. కోనసీమ గాలిలో తేమ ఎప్పుడూ ఎక్కువే, వానాకాలం సంగతి చెప్పనక్కర్లేదు. తొడుగు ఎక్కడైనా గీసుకుపోతే అక్కడినుంచి చెక్క చెమ్మ పీలుస్తుంది. ఒక రెక్క పీల్చి రెండోది పీల్చకపోతే జత చెడిపోతుంది. గీత పడిన వెంటనే పలచని టేపు ముక్క అతికించి, రెండో రెక్కకూ అదే చోట అంతే ముక్క అతికించాలి.

ఇప్పుడు చెక్క రెక్కలు దొరకడం తగ్గింది. దుకాణంలో అడిగితే 'అవి పాతవండీ' అంటారు. దొరికితే మాత్రం నేర్చుకునేవాళ్లు వదులుకోకూడదు.

ఫైబర్ గ్లాస్: అంతర్వేది పడవ సరుకే

చెక్క దొరకనప్పుడు తర్వాత చూడాల్సింది ఇది. సఖినేటిపల్లి, అంతర్వేది రేవుల్లో కనిపించే ఫైబర్ పడవలు దేనితో చేస్తారో ఈ రెక్కలూ దానితోనే చేస్తారు. గాజుని సన్నని నూలుగా తీసి, బట్టలా నేసి, రెజిన్ పోసి గట్టిపరుస్తారు. ఉప్పునీళ్లలో ఏళ్ల తరబడి నానే పడవకే ఏమీ కానప్పుడు వానచినుకు పడితే రెక్కకు ఏమవుతుంది? తేమ విషయంలో దీనికి బెంగ లేదు.

కార్బన్ కంటే ఇది కొంచెం బరువు, కొంచెం ఎక్కువ వంగుతుంది. ఆ వంగే గుణమే కొత్తవాళ్లకు మేలు చేస్తుంది. రిమోట్ మీద వేలు తడబడితే హెలికాప్టర్ అదిరిపడకుండా కాస్త మెత్తగా స్పందిస్తుంది. బరువు కూడా అన్నిసార్లూ నష్టం కాదు. గాల్లో ఉండగా మోటారు ఆగిపోతే, కిందికి దిగుతున్న హెలికాప్టర్ రెక్కలని గాలే తిప్పుతూ ఉంటుంది. నేల దగ్గరికి వచ్చాక ఆ తిరుగుడులో దాచుకున్న బలాన్ని వాడి మెల్లగా దించుతారు. దీన్ని ఆటోరొటేషన్ అంటారు. బరువైన రెక్కలో ఆ బలం ఎక్కువసేపు నిలుస్తుంది.

ఇంకో సంగతి మన పొలాలకు బాగా సంబంధించినది. గాజు నూలు కరెంటుని పోనివ్వదు, కార్బన్ పోనిస్తుంది. కోనసీమలో చేలగట్ల మీద, రొయ్యల చెరువుల పక్కన కరెంటు తీగలు లేని చోటు వెతుక్కోవాలి. అయితే ఫైబర్ రెక్క ఉంది కదా అని తీగల దగ్గర ధైర్యం చేయకూడదు. హెలికాప్టర్‌లో రెక్క తప్ప మిగతాదంతా లోహమూ వైర్లే. తీగకు చిక్కుకుంటే కర్ర పెట్టి లాగొద్దు, చెట్టెక్కి అందుకోవద్దు. 1912కు ఫోన్ చేసి కరెంటు వాళ్లకు చెప్పాలి. హెలికాప్టర్ పోతే పోయింది.

కార్బన్: మంచిదే, కానీ ఎవరికి?

కార్బన్ ఫైబర్ రెక్క చేతిలోకి తీసుకుంటే ఎందుకు అందరూ దీన్నే అడుగుతారో అర్థమవుతుంది. నల్లగా నిగనిగలాడుతూ, తేలికగా, కర్రలా బిగుసుగా ఉంటుంది. బ్యాడ్మింటన్ రాకెట్లు, ఖరీదైన గాలం కర్రలు దీనితోనే చేస్తారు. లోపల సాధారణంగా నురుగులాంటి తేలిక పదార్థం, పైన కార్బన్ పొర. రిమోట్ కదిపిన మరుక్షణం స్పందిస్తుంది. హెలికాప్టర్‌ని తలకిందులుగా నిలబెట్టి తిప్పే అనుభవజ్ఞులకు దీనికి మించింది లేదు. పైన ఉండే సన్నని తూకపు కడ్డీ తీసేసి, గైరో చిప్పుతో నడిచే నేటి హెలికాప్టర్లకు తయారీదారులు ఎక్కువగా కార్బన్ రెక్కలే సూచిస్తారు. అలాంటిది కొన్నప్పుడు డబ్బా మీద ఏ రెక్క రాశారో అదే వాడాలి, సొంత ప్రయోగాలు వద్దు.

నేర్చుకునేవాళ్లకు దీనితో వచ్చే ఇబ్బంది మొదట్లో చెప్పిందే. నేలకు తగిలినప్పుడు ఇది చెక్కలా వెంటనే లొంగదు. ఆ దెబ్బ రెక్క మొదలు దగ్గరినుంచి లోపలికి పోతుంది. రెండు రెక్కలను కలిపి పట్టుకునే సన్నని ఇరుసు వంగుతుంది, నిలువు షాఫ్ట్ వంగుతుంది, పెద్ద గేరు పళ్లు రాలతాయి, సర్వో మోటార్ల లోపలి చిన్న గేర్లు అరుగుతాయి. అంత జరిగాక రెక్క కూడా ఎలాగూ పగులుతుంది. రెక్కల జత ఒక్కటే మార్చాల్సిన చోట సగం యంత్రం విప్పాల్సి వస్తుంది. కొన్న డబ్బంతా మామూ ఎండలో కష్టపడి పంపినది కదా.

రెండో ఇబ్బంది పగులు లోపల దాక్కోవడం. కార్బన్, ఫైబర్ రెండిటిలోనూ పొరలు విడిపోయినా పైన రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది. దీనికి పాతకాలపు పద్ధతి ఒకటి ఉంది. కుమ్మరి దగ్గర కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూసినట్టు, రూపాయి బిళ్లతో రెక్క పొడవునా చిన్నగా కొడుతూ రావాలి. ఒకే రకంగా టక్ టక్ అంటూ వచ్చిన చప్పుడు ఒక చోట బొద్దుగా మారితే అక్కడ లోపల విడిపోయినట్టు అనుమానించాలి. నేలకు తగిలిన రెక్క మీద గీత కనబడినా, కొన చీలినా, బోల్టు రంధ్రం సాగినా మళ్లీ వాడకూడదు. విరిగిన కార్బన్ ముక్కల అంచులు సూదుల్లా గుచ్చుకుంటాయి, వాటిని రుద్దితే వచ్చే నల్లటి పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. కాగితంలో చుట్టి పారేయాలి, చిన్నపిల్లలకు ఆడుకోవడానికి ఇవ్వొద్దు.

మరి కార్బన్‌కు ఎప్పుడు మారొచ్చు? హెలికాప్టర్‌ని ముక్కు తనవైపు తిప్పుకుని కూడా గాల్లో ఒకేచోట స్థిరంగా నిలబెట్టగలిగి, కొన్ని నెలలుగా రెక్కలు విరక్కుండా దించగలుగుతుంటే అప్పుడు ఆలోచించొచ్చు. వయసుని బట్టి కాదు, విరిగిన రెక్కల లెక్కని బట్టి.

కంసాలి కాటా, సెల్లో టేపు

ఏ రెక్క కొన్నా జతగానే కొనాలి. ఒకటి విరిగితే రెండోది బాగున్నా దానికి పాతదో వేరే కంపెనీదో జత కలపకూడదు. ఎందుకో మళ్లీ ఆ 450 సైజు లెక్కతోనే చూడొచ్చు. ఒక రెక్క కొన దగ్గర ఒక్క గ్రాము ఎక్కువుంటే, తిరిగేటప్పుడు అది దాదాపు 2.4 కిలోల బలంతో ఒక పక్కకి లాగుతుంది. అదీ సెకనుకు 40 సార్లకు పైగా. స్క్రూలు వదులవుతాయి, బేరింగులు అరుగుతాయి, ఒక్కోసారి గాల్లోనే ఏదో ఊడిపోతుంది.

సరిచూసే పని ఇంట్లోనే చేయొచ్చు. ముందు ఒక్కో రెక్కని గుండ్రటి పెన్సిల్ మీద అడ్డంగా పెట్టి ఎక్కడ సమతూకంగా నిలుస్తుందో గుర్తు పెట్టాలి. రెండిటికీ గుర్తులు ఒకే దూరంలో లేకపోతే ఒకదానికి టేపు అతికించి ఒకే చోటికి తేవాలి. తర్వాత రెండిటినీ తూచాలి. కూరగాయల కాటా దీనికి పనికిరాదు, బంగారం తూచే చిన్న డిజిటల్ కాటా కావాలి. తేలికగా ఉన్నదానికి, గుర్తు పెట్టిన చోటే టేపు చుడితే బరువు సరిపోతుంది, గుర్తు కదలదు. చివరగా రెండిటినీ హెలికాప్టర్‌కు బిగించాక బోల్టు బిగింపు చూడాలి. హెలికాప్టర్‌ని పక్కకి వాల్చితే రెక్క తన బరువుకి జారకూడదు, వేలితో నెడితే మాత్రం కదలాలి. మరీ బిగిస్తే దెబ్బ తగిలినప్పుడు వెనక్కి మడుచుకోలేదు.

సముద్రానికి దగ్గరి ఊళ్లలో ఇంకో పని ఉంటుంది. రెక్కకు ఏమీ కాకపోయినా దాన్ని పట్టుకున్న బోల్టు, బేరింగు ఉప్పుగాలికి తుప్పు పడతాయి. ఎగరేసి వచ్చాక పొడిగుడ్డతో తుడిచి, చుక్క నూనె వేసి, డబ్బాలో పెట్టాలి. నెలకోసారి బోల్టులు విప్పి చూడాలి, ఎర్రబడితే మార్చాలి. బోల్టు ఖరీదు ఎంతని!

మనిషికి తగిలితే

కోనసీమలో హెలికాప్టర్ అనగానే పెద్దవాళ్లకు 2002 మార్చి 3న జి.ఎం.సి. బాలయోగిని తీసుకుపోయిన ప్రమాదం గుర్తొస్తుంది. పిల్లల బొమ్మ విషయంలో అంత భయం అక్కర్లేదని అనిపిస్తుంది. అరచేతిలో పట్టే ప్లాస్టిక్ దాని విషయంలో అది నిజం. కానీ అడుగు పొడవు రెక్క దాటాక అది బొమ్మ కాదు. 2013 సెప్టెంబరులో న్యూయార్క్ బ్రూక్లిన్‌లోని ఒక పార్కులో 19 ఏళ్ల యువకుడు తన సొంత రిమోట్ హెలికాప్టర్ రెక్క తలకు తగిలి అక్కడికక్కడే చనిపోయాడు. అతను కొత్తగా నేర్చుకుంటున్నవాడు కాదు, బాగా ఎగరేయగలిగినవాడే. అతను ఎగరేసింది 700 క్లాస్‌ది.

అందుకని ఇంట్లో పెద్దవాళ్లు పట్టుబట్టాల్సినవి కొన్ని ఉన్నాయి. గదిలో, వరండాలో మోటారుకి బ్యాటరీ కలపాల్సి వస్తే ముందు రెక్కలు విప్పేయాలి. సెట్టింగులు చూస్తుండగా చెయ్యి తగిలి మోటారు తిరగడం చాలామందికి జరిగేదే. రిమోట్‌లో మోటారుని ఆపి ఉంచే స్విచ్ ఉంటుంది, దగ్గరికి వెళ్లేముందు అది వేసి, రెక్కలు పూర్తిగా ఆగాకే వంగాలి. ఎగరేసేవాడు కనీసం పది మీటర్ల దూరంలో నిలబడాలి, చూసేవాళ్లు అతని వెనక ఇంకా దూరంగా ఉండాలి. పెద్దది ఎగరేస్తుంటే ఆ దూరం ఇంకా పెరగాలి. తమ్ముడూ చెల్లీ పరుగెత్తుకుంటూ వచ్చే పెరట్లో 450 సైజు ఎగరేయకూడదు, ఏ రెక్క వేసినా సరే. గాయమైతే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టి 108కి ఫోన్ చేయాలి.

చోటు విషయానికొస్తే కొబ్బరితోట కంటే కోతలైపోయిన చేను నయం. దాళ్వా కోసాక, కాలవలకి మళ్లీ నీళ్లు వదిలేలోపు, పొద్దున్నే ఎండ ముదరకముందు గాలి కూడా తక్కువగా ఉంటుంది. మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి మొదలవుతుంది. కొయ్యకాళ్ల మీద పడితే రెక్కలు పోతాయి, కాబట్టి దిగే చోట పాత పరదా ఒకటి పరిస్తే మంచిది. చట్టం సంగతి కూడా మరిచిపోకూడదు. 2021 ఆగస్టు 25న వచ్చిన డ్రోన్ నిబంధనల ప్రకారం సరదా కోసం ఎగరేసేవాటిని కంటికి కనిపించేంత దూరంలోనే నడపాలి. ఎక్కడ ఎగరేయొచ్చో ఎక్కడ కూడదో డిజిటల్ స్కై మ్యాప్‌లో ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగుల్లో చూపిస్తారు. ఎగరేసే ముందు ఆ మ్యాప్ ఒకసారి చూడాలి.

మామూకి ఏం చెప్పాలి?

'హెలికాప్టర్ రెక్కలు పంపండి' అంటే మామూ తెచ్చేది సరిపోతుందన్న నమ్మకం లేదు. పాత రెక్కని స్కేలు పక్కన పెట్టి ఫోటో తీసి పంపాలి. పొడవుని బోల్టు రంధ్రం మధ్య నుంచి కొన వరకు కొలవాలి. రంధ్రం ఎన్ని మిల్లీమీటర్లో, 450 సైజుకి 3, 700 సైజుకి 5 మామూలు, రెక్క మొదలు మందం ఎంతో రాయాలి. హెలికాప్టర్ మోడల్ పేరు కూడా ఉంటే దుకాణంవాడికి సులువు. కార్బన్ ఒక జత ఖరీదులో ఫైబర్‌వి రెండు మూడు జతలు వస్తాయేమో అడగమనాలి.

పూర్తి డ్రోన్ల దిగుమతి మీద 2022 ఫిబ్రవరి 9 నుంచి నిషేధం ఉంది, విడిభాగాలకు అది వర్తించదు. రెక్కల జతతో ఇబ్బంది లేదు, పెద్ద హెలికాప్టర్ మొత్తంగా తేవాలంటే మాత్రం బయల్దేరే ముందే కస్టమ్స్ నియమాలు కనుక్కోవాలి. విడిగా తెచ్చే లిథియం బ్యాటరీలని లగేజీలో వేయకూడదు, చేతిసంచిలోనే, కొనలకు టేపు అంటించి తెచ్చుకోవాలి. రెక్కలని మాత్రం పెద్దపెట్టెలో దుప్పట్ల మధ్య పెట్టొచ్చు, అడుగున కాకుండా పైన. ఖర్జూరాల డబ్బా బరువుకి వంగిపోయిన జతని ఇంటికొచ్చాక ఎవరూ సరిచేయలేరు.